అమ్మ కోటులో ఇనుము

ఫిబ్రవరి 9

సరిహద్దు గేటు ఇవాళ కూడా మూసే ఉంది. కొండమీద కాల్పులు ఆగిపోయాయని అందరికీ తెలుసు. కానీ ఆగినట్టు పైనుంచి కాగితం రావాలి. అటువాళ్ళ మాట ఇటువాళ్ళకీ, ఇటువాళ్ళ మాట అటువాళ్ళకీ చెప్పడం నా ఉద్యోగం. అటూ ఇటూ ఎవరూ లేరు కాబట్టి దుబాసీ గది కిటికీ అద్దం తుడిచాను. బాగా వచ్చింది.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. తన కవితల పుస్తకానికి పెద్ద బహుమతి వచ్చిందట. ఎవరో పత్రికాయన తనని "సరిహద్దు బిడ్డ" అని రాశాడట. ఏడేళ్ళప్పుడే రాజధానికి వెళ్ళిపోయి, అత్తయ్య ఇంట్లో తనకంటూ ఒక గది, గది నిండా పుస్తకాలు, ఇంటికొచ్చి సంగీతం చెప్పే మాస్టారు, ఇలా పెరిగిన మనిషి సరిహద్దు బిడ్డ. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, నాన్న గుమాస్తాగా చేసిన గేటులోనే పనిచేస్తున్న నేను దుబాసీని.

నేనూ ఒక పుస్తకం వేశాను. అది ప్రెస్సు ఆయన అటకమీద ఉంది. ఆయన మంచివాడు, ఖాళీ చెయ్యమని ఇంతవరకూ అడగలేదు.

నాకు అసూయేం లేదు. ఉంటే ఇక్కడ రాసుకునేవాణ్ణే, చూడొచ్చేదెవరు?

ఫిబ్రవరి 13

అవతల ఉన్న పిన్ని ఫోన్ చేసింది. కంటికి ఆపరేషన్ చెయ్యాలన్నారట. రెండో కన్ను ఎప్పుడో పోయింది కాబట్టి ఉన్నది ఇదొక్కటే. బాబాయి పోయాడు, పిల్లలు లేరు. జీవితమంతా కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి.

అమ్మ ఫోన్ పెట్టేసి ఉల్లిపాయలు తరిగింది. తరగడం అయ్యాక, "గేటు తియ్యగానే నాకు పాసు రాయించు. కట్టు విప్పేదాకా దాని దగ్గరుంటాను," అంది. ఏడ్చిందో ఉల్లిపాయలో తెలియలేదు. అమ్మ విషయంలో ఇది ఎప్పుడూ తెలియదు.

ఫిబ్రవరి 18

గేటుకి కొత్త అధికారి వచ్చాడు. ఏ కాగితమైనా చెయ్యి బారుగా చాపి, తల వెనక్కి వాల్చి చదువుతాడు. కళ్ళజోడు పెట్టుకోడు. మేమందరం చత్వారం అని పిలవడం మొదలుపెట్టాం, ఆయన లేనప్పుడు.

చత్వారం టేబులు మీద కవితల పుస్తకాలున్నాయి. గేటులో ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. "మీరు ఫలానా కవయిత్రి తమ్ముడటగా!" అని లేచి నిలబడి మరీ చెయ్యి కలిపాడు. నా పుస్తకం సంగతి చెప్పాలా వద్దా అనుకుంటుండగా కూర్చున్నాడు.

ఫిబ్రవరి 21

కాగితం వచ్చింది. సోమవారం నుంచి గేటు తీస్తారు, అవతల రక్తసంబంధం ఉన్నవాళ్ళకి మాత్రమే, పాసు మీద.

అక్క మళ్ళీ ఫోన్ చేసింది. బహుమతి ఇచ్చినవాళ్ళు మన ఊరి బడి హాల్లో సభ పెడుతున్నారట. సరిహద్దు గురించి రాసే కవులొచ్చి తమ బాల్యాలు ఎలా గడిచాయో, అవి కవిత్వంలోకి ఎలా వచ్చాయో చెబుతారు. అవతలి నుంచి కూడా ఒకాయన వస్తున్నాడు.

"నువ్వు కూడా వేదిక మీదే ఉంటావురా," అంది.

"ఏమని?"

"అవతలాయన మాట్లాడింది తిప్పి చెప్పాలిగా."

సరే అన్నాను. అనుభవమున్న పనే.

ఫిబ్రవరి 27

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

చత్వారం పిలిపించాడు. టేబులు మీద ఒక పక్క అమ్మ పాసు దరఖాస్తు, ఇంకో పక్క అక్క పుస్తకం. పుస్తకాన్ని చేతికి అందినంత దూరం పట్టుకుని పైకి చదివాడు:

"అమ్మ కోటు అంచుల్లో ఇనుము.
అది గలగలమంటే ఇక మేం లేము.
పాడవే, అంది అమ్మ.
నేను పాడుతూ దేశం దాటాను."

"అద్భుతం కదండీ?" అన్నాడు.

అవునన్నాను.

"ఏ ఇనుము?"

నాకు అర్థంకాలేదన్నట్టు చూశాను. అర్థమయింది.

"కోటులో ఇనుము పెట్టుకుని గేటు దాటిందని స్పష్టంగా ఉంది. ఇనుమంటే తుపాకీ గుళ్ళు కావచ్చు, మరోటి కావచ్చు. దొంగసరుకు దాటించినవాళ్ళకి పాసు ఇవ్వకూడదని రూలు. ఎన్నేళ్ళ కిందటిదైనా సరే."

"సార్, అది కవిత్వం."

"అందుకేనండీ నా బాధ. దరఖాస్తుల్లో అందరూ అబద్ధాలు రాస్తారు. కవులు రాయరు. నేను కాలేజీ రోజులనుంచీ నమ్ముతున్నది అదొక్కటే."

మనస్ఫూర్తిగా అన్నాడు. అక్కకి ఇంత నమ్మకమున్న పాఠకుడు ఇంకొకడు ఉండడు.

నేను తడబడకుండా చెప్పాను. మా అక్క ఇక్కడ పెరగలేదు సార్, చిన్నప్పుడే వెళ్ళిపోయింది, ఆమెకి గేటంటే ఏం తెలుసు, అదంతా కూర్చుని ఊహించింది. చెబుతుంటే మాటలు ఎంత సాఫీగా వచ్చాయంటే, ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నట్టుంది.

ఆయన తల ఊపాడు. "ఆ మాట ఆవిడ నోటితో చెప్పాలి. సభకి నేనూ వస్తున్నాను. అందరి ముందూ కల్పన అని చెబితే ఇది ఇక్కడితో మూసేస్తాను."

అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తాను. ఆ కవితలో ఉన్నది నిజమే. గుళ్ళు కాదు, కుట్టుమిషను బాబిన్లూ సూదులూ. అప్పట్లో అవతల దొరికేవి కావు. పిన్ని పొట్ట గడవాలంటే అవి కావాలి. అమ్మ వాటిని కోటు లోపలి గుడ్డలో పెట్టి కుట్టుకుని గేటు దాటింది. అంతవరకూ అక్క సరిగ్గానే రాసింది. కానీ పాడుతూ నడిచిన పిల్ల అక్క కాదు. నేను. చిన్నప్పుడు తను సెలవులకి వచ్చినప్పుడు నేనే చెప్పి ఉంటాను. నా బాల్యాన్ని తీసుకెళ్ళి, లంగా జాకెట్టు తొడిగి, బహుమతి తెచ్చుకుంది.

ఫిబ్రవరి 28

అమ్మకి చెప్పాను. పాసు ఆగిందని, ఎందుకు ఆగిందో, ఎవరివల్ల ఆగిందో. చివరికి అది కూడా చెప్పాను. "పాడింది నేను, రాసుకుంది తను."

అమ్మ గిన్నె తోముతూ ఆగింది.

"నువ్వా? నువ్వు పాడావా?"

"నేనే కదమ్మా. సిపాయి నా తల నిమిరాడు కూడా."

"నువ్వప్పుడు నా చంకలో ఉన్నావురా. నిద్రపోతున్నావు. నీ బరువుకి కోటు ఒక పక్కకి లాగేసి బాబిన్లు మోగాయి. అందుకే దాన్ని పాడమన్నా."

గిన్నె కడిగి బోర్లించింది. నేను నిలబడే ఉన్నాను.

"మరి నాకెలా గుర్తుంది?"

"అది సెలవులకి వచ్చినప్పుడల్లా నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేది. నువ్వు మళ్ళీ చెప్పవే, మళ్ళీ చెప్పవే అని దాని ప్రాణం తీసేవాడివి."

ఆ తర్వాత, నేను అడగకుండానే మిగతాది చెప్పింది. సిపాయికి పాట నచ్చిందట. తల నిమిరి, "మీ అమ్మ కోటులో ఏముందే?" అని వేళాకోళంగా అడిగాడట. అక్క, "చెప్పకూడదు," అందట. అంతే. సిపాయి నవ్వి వదిలేశాడు. కానీ పక్కగది కిటికీలోంచి నాన్న విన్నాడు. కోటు సంగతి నాన్నకి అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఉద్యోగం పోతే పోయింది, జైలుకి పోతే మిమ్మల్ని చూసేదెవరు అన్నాడట. ఈ పిల్ల నోట్లో మాట ఆగదు, ఇది గేటు పక్కన పెరగడానికి వీల్లేదు అన్నాడట. ఆ వారమే అత్తయ్య దగ్గరికి పంపించేశారు.

"చదువు కోసం పంపామన్నారుగా?"

"చదువు కూడా చెప్పించారుగా."

"అక్కకి తెలుసా?"

"తెలీకేం? దాని పెట్టె అదే సర్దుకుంది. బస్సెక్కేటప్పుడు, 'ఇంకెప్పుడూ చెప్పనమ్మా, ఉండనీ,' అంది."

అమ్మ పొయ్యి తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది.

మార్చి 1

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 2

ఆ పాట నాకు మొత్తం వచ్చు. ఇవాళ గేటులో మెల్లగా పాడి చూశాను. సిపాయి చెయ్యి తలమీద పడిన స్పర్శ కూడా ఉంది. గరుకుగా ఉంటుంది. అది కూడా అక్క చెప్పిందేనా?

నా పుస్తకంలో మొదటి కవిత ఆ చెయ్యి గురించే. అది అటకమీద ఉండడం మంచిదే అయింది.

మార్చి 4

అక్కకి ఫోన్ చేసి చత్వారం మాట చెప్పాను. బాబిన్ల గురించి గానీ బస్సు గురించి గానీ ఎత్తలేదు.

"అంటే నేను మైకు ముందు నిలబడి నేను రాసింది అబద్ధమని చెప్పాలా?"

"కల్పన అని."

"బహుమతి దేనికిచ్చారో తెలుసా నీకు? 'అనుభవంలోంచి వచ్చిన గొంతు' అని పత్రంలో రాసిచ్చారు."

"తెలుసు."

"అసలు నీకేం తెలుసురా!" అని పెట్టేసింది.

మొన్నటిదాకా చాలా తెలుసు.

మార్చి 8

బస్టాండుకి వెళ్ళి అక్కని తీసుకొచ్చాను. సంచి నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. దారిలో ఒకటే అడిగింది.

"అమ్మకి ఈ ప్రయాణం అంత అవసరమా?"

"పిన్నికి ఉన్నది ఆ కన్నొక్కటే. పక్కన ఎవరూ లేరు."

అమ్మ తలుపు తీసి, "చిక్కిపోయావే," అంది. అక్క చిక్కలేదు. లోపలికెళ్ళి స్నానానికి తువ్వాలు ఎక్కడుందని అడిగింది. తన ఇంట్లోనే ప్రతిదీ అడిగి తీసుకుంటుంది, చుట్టంలాగా. ఇన్నేళ్ళూ దాన్ని గర్వం అనుకున్నాను.

మార్చి 9

సభ.

హాలు చల్లగా ఉంది. అమ్మ ముందు వరసలో కూర్చుంది, ఆ కోటే వేసుకుని. వద్దని చెబుదామంటే వేదిక మీదనుంచి ఎలా చెప్పను? రెండు కుర్చీల అవతల చత్వారం, చేతిలో అక్క పుస్తకం.

మొదట సైనికుల క్వార్టర్లలో పెరిగిన కవి మాట్లాడాడు. వాళ్ళ నాన్న ఇంట్లో కూడా "ఆగు", "పద", "కూర్చో" అనే మూడు మాటలే వాడేవాడట. అందుకే తన కవితల్లో పంక్తులు పొట్టిగా ఉంటాయన్నాడు. చెప్పినంతసేపూ నిటారుగానే నిలబడ్డాడు.

తర్వాత అవతలి కవి. పెద్దాయన. వాళ్ళ నాన్నకి గేటు పక్కన సెలూను ఉండేదట. రెండు దేశాలవాళ్ళూ అక్కడే గడ్డం గీయించుకునేవారు. "అవతల ఏం జరుగుతోందో రేడియో కంటే ముందు మాకు తెలిసేది. కత్తి మెడమీద ఉన్నప్పుడు ఎవరూ అబద్ధం చెప్పరు," అన్నాడు. నేను తిప్పి చెప్పగానే హాలంతా నవ్వింది. "అందుకే నా కవితల్లో జెండాలుండవు. మెడలుంటాయి."

తర్వాత అక్క లేచింది. కాగితం తెచ్చుకోలేదు.

"నేను ఈ ఊళ్ళో పెరగలేదండీ. అత్తయ్య ఇంట్లో పెరిగాను. అక్కడ అన్నీ ఉన్నాయి. కిటికీకి తెరలున్నాయి. ఈ ఊరు తలుచుకోవాలనిపించినప్పుడల్లా తెర వేసుకుని ఊహించుకునేదాన్ని. 'అమ్మ కోటు' కూడా అలా ఊహించుకున్నదే. మా అమ్మ నన్నెప్పుడూ గేటు దాటించలేదు. నేను పాడలేదు. ఇనుమన్నది ప్రాస కోసం వేశాను, కింద 'లేము' అని ఉంది కాబట్టి. అది అనుభవం అనుకుని బహుమతి ఇచ్చినవాళ్ళు నన్ను క్షమించాలి."

నేను ఆ మాటలన్నీ అవతలాయనకి తిప్పి చెప్పాలి. కల్పనకి వాళ్ళ భాషలో రెండు మాటలున్నాయి. ఒకటి అబద్ధానికి దగ్గర, ఇంకోటి కుట్టుపనికి దగ్గర. నేను రెండోది వాడాను. "నేను పాడలేదు" అన్నది రెండోసారి చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి ఆయనకి వినపడలేదు.

అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని అక్కనే చూస్తోంది. ఏడవలేదు. ఇవాళ ఉల్లిపాయలు కూడా లేవు కాబట్టి ఆ సంగతి ఖాయంగా రాయొచ్చు.

కిందికి దిగేటప్పుడు అవతలి కవి నా చెవిలో అన్నాడు. "మీ అక్క మాట్లాడుతున్నప్పుడు మెడ నరం ఎలా కొట్టుకుందో చూశావా? నేను సెలూన్లో పెరిగినవాణ్ణి బాబూ." ఇది ఎవరికీ తిప్పి చెప్పలేదు.

మార్చి 11

చత్వారం అమ్మ పాసు మీద సంతకం పెట్టాడు. మాట తప్పే మనిషి కాదు. పెట్టి, అక్క పుస్తకాన్ని నా వైపు జరిపాడు.

"మీరుంచుకోండి."

"మీ పుస్తకం సార్."

"ఇక చదవలేనండీ. నాలుగు పంక్తులే అయినా, నేను ఆ పిల్లని చూశాను. మా అమ్మాయిలాగే ఉండేది. ఇప్పుడు చూస్తే అక్కడెవరూ లేరు."

చెబుదామని నోరు తెరిచాను. అమ్మ పాసు మీద సిరా ఇంకా తడిగా ఉంది. నోరు మూసుకుని పుస్తకం తీసుకున్నాను.

మార్చి 12

అమ్మ వెళ్ళింది. పిన్ని ఆపరేషన్ ఎల్లుండి. గేటు గీత దగ్గర ఆగి అక్కతో, "పొయ్యి మీద మూత ఎత్తి చూడు, మాడిపోతుంది," అంది. అక్క, "సరే," అంది. నేను నా గదిలోంచి చూశాను. పోయేవాళ్ళని ఎందుకు వెళుతున్నారని అడగాలి, అది రూలు. అమ్మని అడిగాను.

"మా చెల్లెలి దగ్గరికి," అంది.

అవతలివాళ్ళకి తిప్పి చెప్పాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత తేలికైన వాక్యం తగల్లేదు.

మార్చి 13

కొండమీద మళ్ళీ కాల్పులు. గేటు మూశారు. అమ్మ అటుంది.

మార్చి 14

ఫోన్ కలిసింది. ఆపరేషన్ అయిందట. "నాకేం భయంలేదు, ఇక్కడ గోడలు లావుగా ఉన్నాయి. మీరిద్దరూ కొట్టుకోకండి," అంది అమ్మ. నా వయసులో ఉన్న మనిషితో అనే మాటేనా? అక్క ఇవాళ బస్సుకి వెళ్ళాలి. వెళ్ళలేదు. నేను అడగలేదు.

మార్చి 17

రాజధాని పత్రికలో అక్క ఫొటో వేశారు, కింద "అనుభవం లేని అనుభవ కవయిత్రి" అని. వచ్చే నెల జరగాల్సిన సన్మానం వాయిదా పడిందని ఫోన్ వచ్చింది. ఎప్పటికి అన్నది చెప్పలేదు. అక్క పత్రికని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న బల్ల కాలికింద పెట్టింది. బల్ల ఊగడం ఆగింది.

"కోపం రావట్లేదా?" అన్నాను.

"చెప్పకూడదనుకుంటే చెప్పకుండా ఉండగలనని తెలిసింది. మంచిదేగా," అంది.

అప్పుడు చెప్పేశాను, అమ్మ నాకు అంతా చెప్పిందని, చంకలో నిద్రపోయింది నేనని కూడా.

"అయితే ఇన్నాళ్ళూ పాడింది నువ్వనుకున్నావా?"

"ఊఁ."

"నీకు సొంతంగా రెండు మాటలు కూడా రావురా అప్పటికి," అని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నాకూ నవ్వొచ్చింది. ఇంత చిన్న విషయానికి అంతసేపు నవ్వడం ఏం బాగుంటుంది? అయినా నవ్వాం.

మార్చి 22

పిన్ని కట్టు విప్పారు. అమ్మ ముఖం చూసి, "ఇంత ముసలిదానివయ్యావేంటే," అందట. అంటే చూపు బాగానే ఉన్నట్టు. కాల్పులు ఆగాయి, ఆగినట్టు కాగితం రావాలి. వచ్చే వారం తీయొచ్చని చత్వారం అన్నాడు. నాకేం తొందర లేదంది అమ్మ.

మధ్యాహ్నం గుమ్మంలో కూర్చున్నాం. అక్క అడిగింది.

"నేను చెప్పింది కాకుండా, నీకు నిజంగా గుర్తున్నది ఏంట్రా? అన్నిటికంటే ముందుది."

ఏది పట్టుకున్నా ఎవరో చెప్పిందే అనిపించింది. చివరికి ఒకటి దొరికింది. ఇది ఎవరూ చెప్పి ఉండరు, చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు.

"బస్సు. ఆకుపచ్చది. జనం దిగుతున్నారు. నేను మెట్టు దగ్గర నిలబడి దిగే ఒక్కొక్కళ్ళ ముఖం చూస్తున్నా. అమ్మ చెయ్యి పట్టి లాగుతూ, 'ఇవాళ కాదు నాన్నా,' అంటోంది. రోజూ వెళ్ళేవాళ్ళం అనుకుంటా."

"ఎవరికోసం?"

"నీకోసమే అయ్యుంటుంది. కానీ అప్పటికే నీ ముఖం మర్చిపోయినట్టున్నాను. అందుకే అందరి ముఖాలూ చూసేవాణ్ణి."

అక్క మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వీధివైపు చూస్తూ కూర్చుంది. ఎవరో సైకిలు మీద వెళ్ళారు. నావైపు తిరక్కుండానే అంది.

"దాన్ని నేను ముట్టుకోనురా. అది నువ్వే రాసుకో."